పడమట పొడిచిన సూర్యుడు

మార్షల్ దీవులలో 12 సంవత్సరాలపాటు 67 అణుపరీక్షలు జరిగాయి. పేలుళ్ళు ఆగిపోయి ఆరు దశాబ్దాలు దాటింది. ఆ దీవుల ప్రజలకు వైద్యం ఏ విధంగా అందించాలన్న సమస్య మాత్రం నేటికీ తీరలేదు.

హోనలూలూ నుండి నైరుతి దిశగా బయలుదేరిన విమానం సుమారు ఐదు గంటలసేపు సముద్రం మీదనే సాగిపోతుంది. దారిలో తేదీరేఖ దాటేసరికి పంచాంగంలో ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. చివరకు రెక్క క్రింద ఒక సన్నని తెల్లని గీత ప్రత్యక్షమవుతుంది. గీతకు ఒక ప్రక్క ముదురు నీలం, మరొక ప్రక్క లేత ఆకుపచ్చ. ఒకవైపు మహాసముద్రం, మరొకవైపు పగడపు వలయం నడుమ నిలిచిన మడుగు. ఆ రెండింటి మధ్య ఉన్న ఇసుక పట్టీయే మజురో. మార్షల్ దీవుల గణతంత్రానికి రాజధాని. ఊరంతటికీ ఒకటే రోడ్డు. ఈ కొస నుండి ఆ కొసకు సుమారు 48 కిలోమీటర్లు సాగే ఆ రోడ్డు మీద నిలబడితే చాలాచోట్ల రెండు వైపులా నీరు కనిపిస్తుంది.

ఈ దేశంలో 29 పగడపు వలయాలు, 5 విడి దీవులు ఉన్నవి. నేలనంతా ఒకచోట కూర్చితే 181 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అది చెదిరి ఉన్న సముద్ర ప్రాంతమో, సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు; మన భారతదేశ విస్తీర్ణంలో సగం కంటె ఎక్కువ. నేల ఎత్తు సగటున రెండు మీటర్లకు మించదు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నివసించేవారు 42 వేల పైచిలుకు.

తూర్పు వరుస దీవులను రాటాక్ అనీ, పడమటి వరుసను రాలిక్ అనీ పిలుస్తారు. మొదటిది సూర్యోదయం, రెండవది సూర్యాస్తమయం. కొబ్బరి ఈనెలవంటి పుల్లలను కట్టి, వాటికి గవ్వలు గుచ్చి, అలల పోకడలను పటంగా చూపే విద్య ఈ నావికులది. ఆ పటాలను ఒడ్డున కంఠస్థం చేసి పడవలలో బయలుదేరేవారు. కొబ్బరి, సీమపనస, మొగలిపండు, పాలగుండ దుంప, చేపలు, కొబ్బరి పీతలు వారి ఆహారం. నేలపై హక్కు తల్లి వంశం ద్వారా సంక్రమిస్తుంది. నేల అతి తక్కువగా ఉన్న చోట ప్రతి చెట్టుకూ, ప్రతి అడుగు ఇసుకకూ ఒక వంశం పేరు ఉంటుంది. అట్టివారిని తమ దీవి నుండి తరలించడమంటే ఏమిటో ఈ ఒక్క విషయాన్నిబట్టి ఊహించవచ్చు.

ఖాళీ చేయించిన దీవులు

రెండవ ప్రపంచయుద్ధంలో జపానును ఓడించి అమెరికా ఈ దీవులను స్వాధీనం చేసుకున్నది. 1946 ఫిబ్రవరిలో అమెరికా నౌకాదళాధికారి ఒకరు బికినీ వలయానికి వచ్చి, మానవజాతి మేలుకోసం జరిగే ప్రయోగాలకు తమ దీవిని తాత్కాలికంగా ఇవ్వవలసిందిగా అక్కడి ప్రజలను కోరారు. అంతా దేవుని చేతిలో ఉన్నదని భావించి వారు సమ్మతించారు. 167 మంది పడవలెక్కి రాంగెరిక్ అనే చిన్న వలయానికి చేరుకున్నారు. అక్కడ కాయా పండూ చాలక ఆకలితో అలమటించి, 1948లో మరల వేరొక చోటికి మారవలసి వచ్చింది. 1947 డిసెంబరులో ఎనెవెటాక్ ప్రజలకూ ఇదే గతి పట్టింది. వారిని ఉజెలాంగ్‌కు తరలించారు.

ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి ఈ దీవులను ధర్మకర్తృత్వ ప్రాంతంగా ప్రకటించి, పాలనను అమెరికాకు అప్పగించింది. ప్రజల ఆరోగ్యాన్నీ, వారి భూములనూ కాపాడవలసిన బాధ్యత ఆ ఒప్పందంలోనే ఉన్నది. 1946 నుండి 1958 వరకు బికినీ, ఎనెవెటాక్‌లలోనూ, ఆ పరిసరాలలోనూ జరిగిన 67 పేలుళ్ళ మొత్తం శక్తి సుమారు 108 మెగాటన్నులు. ఒక మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టి.ఎన్.టి. పేలుడు పదార్థంతో సమానం.

1954 మార్చి 1

ఆనాటి తెల్లవారుజామున రాంగెలాప్ ప్రజలకు పడమటి దిక్కున సూర్యుడు పొడిచినట్లు కనిపించింది. బికినీలో పేల్చిన ఆ హైడ్రోజన్ బాంబుకు ‘బ్రావో’ అని పేరు పెట్టారు. దాని శక్తి ఆరు మెగాటన్నుల వరకు ఉండగలదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. పేలినది 15 మెగాటన్నులు. పగడపు నేల పొడి పొడియై ఆకాశానికి లేచింది. గాలి తూర్పుగా వీచింది.

కొన్ని గంటలు గడిచేసరికి రాంగెలాప్ మీద తెల్లని బూడిద రాలడం మొదలైంది. ఇంటి కప్పుల మీద, నీళ్ళ తొట్లలో, ఆరవేసిన చేపల మీద, పిల్లల తలల మీద అది పేరుకున్నది. అదేమిటో ఎవరికీ తెలియదు. పిల్లలు దానితో ఆడుకున్నారు. రాత్రి అయ్యేసరికి ఒళ్ళు మంటలు, వాంతులు, విరేచనాలు. తరువాతి రోజులలో చర్మం కాలి పుండ్లు పడింది, వెంట్రుకలు ఊడిపోయాయి, రక్తకణాల సంఖ్య పడిపోయింది.

ఆ సమయంలో రాంగెలాప్‌లో 64 మంది, ప్రక్కనే ఉన్న ఐలింగినేలో 18 మంది ఉన్నారు. ఇంకా తూర్పున యూట్రిక్‌లో 150 మందికి పైగా ఉన్నారు. రాంగెరిక్‌లో వాతావరణ పరిశీలనకై 28 మంది అమెరికన్లు ఉండేవారు. అమెరికన్లను మార్చి 2న తరలించారు. రాంగెలాప్ వారికోసం ఓడ వచ్చింది 3వ తేదీన. యూట్రిక్ వారికోసం 4వ తేదీన. అందరినీ క్వాజలీన్ నౌకాదళ స్థావరానికి చేర్చారు.

అదే బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే జపాను చేపల పడవ మీద కూడా పడింది. అందులోని 23 మందీ జబ్బుపడ్డారు. వారిలో రేడియో ఆపరేటరు కుబోయామా సెప్టెంబరు 23న మరణించాడు. దాచి ఉంచిన విషయం ప్రపంచానికి వెల్లడి అయినది ఈ పడవ రేవుకు చేరిన తరువాతనే. ఏప్రిల్ 2న మన లోక్‌సభలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అణుపరీక్షలను తక్షణం నిలిపివేసే ఒప్పందం కుదరాలని ప్రతిపాదించారు. ఏప్రిల్ 20న మార్షల్ దీవుల ప్రజలు తామే ఐక్యరాజ్యసమితికి అర్జీ పంపుకున్నారు. నెహ్రూ కోరికపై డి.ఎస్. కొఠారి ప్రభృతులు అణువిస్ఫోటనాల ప్రభావాలను వివరిస్తూ రచించిన గ్రంథం 1956లో మన ప్రభుత్వ ప్రచురణగా వెలువడింది. దీవులలో పరీక్షలు మాత్రం మరి నాలుగేళ్ళు కొనసాగాయి.

వైద్యమా, పరిశోధనయా?

క్వాజలీన్‌కు చేర్చిన వారిని పరీక్షించడానికి అమెరికా నుండి వైద్యబృందం వచ్చింది. అణుధూళి సోకిన మానవుల శరీర స్పందనలను అధ్యయనం చేసే ఆ కార్యక్రమానికి ‘ప్రాజెక్టు 4.1’ అని పేరు. తరువాత ఆ పనిని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనశాల చేపట్టింది. డాక్టర్ రాబర్ట్ కోనార్డ్ అనేక సంవత్సరాలు ఆ బృందానికి నాయకత్వం వహించారు.

యూట్రిక్ ప్రజలను 1954లోనే తమ దీవికి తిప్పి పంపారు. రాంగెలాప్ ప్రజలు మూడేళ్ళ తరువాత, 1957లో తిరిగి వచ్చారు. నివాసానికి భయం లేదని వారికి చెప్పారు. కాని నేలలో సీసియం, స్ట్రాన్షియం మిగిలే ఉన్నవి. కొబ్బరిచెట్టు నేలలోని పొటాషియం కొరకు వెదకుతూ దానిని పోలిన సీసియాన్ని కూడా పీల్చుకుంటుంది. చెట్టు నుండి కాయకు, కాయ నుండి మనిషికి అది చేరుతుంది. దీవికి తిరిగి వచ్చినవారి దేహాలలో సీసియం పరిమాణం పెరిగింది. ప్రతి సంవత్సరం ఓడలో వైద్యులు వచ్చేవారు. రక్తం, మూత్రం తీసుకుని, బరువులూ ఎత్తులూ కొలిచి, ఫోటోలు తీసి వెళ్ళిపోయేవారు.

ఆ పరీక్షలు వ్యర్థమని చెప్పడానికి వీలులేదు. గళంలో ఉండే థైరాయిడ్ గ్రంథికి అణుధూళి చేసే హాని ఎంతటిదో ప్రపంచానికి తెలిసినది వాటివల్లనే. పేలుడులో పుట్టిన రేడియోధార్మిక అయొడిన్ గాలి ద్వారా, నీటి ద్వారా, ఆహారం ద్వారా దేహంలో ప్రవేశించి ఆ గ్రంథిలో చేరుతుంది. ఎనిమిది రోజులలో దాని బలం సగం తగ్గుతుంది. కొన్ని వారాలకు ఆనవాలు కూడా మిగలదు. కాని ఆ కొద్ది రోజులలో గ్రంథికి తగిలిన దెబ్బ ఏళ్ళ తరువాత బయటపడుతుంది. పసిపిల్లల గ్రంథి చిన్నది. అదే పరిమాణంలో విషం చేరినా వారికి తగిలే దెబ్బ ఎక్కువ. 1963లో రాంగెలాప్ పిల్లలలో మొదటి థైరాయిడ్ గడ్డ కనిపించింది. 1954 నాటికి పదేళ్ళలోపు వయసు ఉన్న ఆ దీవి పిల్లలలో అత్యధికులకు కాలక్రమాన గడ్డలు వచ్చాయి. కొందరికి ఎదుగుదల ఆగిపోయింది. 1965 నుండి థైరాయిడ్ హార్మోను మాత్రలు ఇవ్వసాగారు. పలువురిని అమెరికా తీసుకువెళ్ళి శస్త్రచికిత్స చేశారు. పేలుడునాటికి ఏడాది పసివాడైన రాంగెలాప్ యువకుడొకడు 1972లో రక్తకేన్సరుతో మరణించాడు.

యూట్రిక్ ప్రజలకు సోకిన రేడియేషన్ చాలా తక్కువ కాబట్టి వారికి అంతగా ముప్పు లేదని తొలుత భావించారు. తరువాత వారిలోనూ థైరాయిడ్ గడ్డలు కనిపించాయి.

దీవుల ప్రజల ఆవేదన వేరు. వైద్యులు వచ్చినప్పుడు రేడియేషన్‌కు సంబంధించిన జబ్బులనే చూస్తారు. బిడ్డకు దగ్గు, తల్లికి పంటినొప్పి, తాతకు చక్కెర జబ్బు ఉంటే అది తమ పని కాదంటారు. రక్తం ఎందుకు తీస్తున్నారో, పరీక్షలో ఏమి తేలిందో తమ భాషలో విడమరచి చెప్పేవారు లేరు. గర్భస్రావాల గురించి, అవయవాలు ఏర్పడని శిశువుల గురించి స్త్రీలు చెప్పిన మాటలు చాలాకాలం లెక్కలకు ఎక్కలేదు. ‘విషం’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాట వారి నోట ‘బాయిజిన్’ అయింది. రేడియేషన్‌కు అదే వారి పదం. అధ్యక్షుడు క్లింటన్ నియమించిన సలహాసంఘం 1995లో తన నివేదిక ఇచ్చింది. ప్రయోగం కోసమే ఉద్దేశపూర్వకంగా ఈ ప్రజలను అణుధూళికి గురిచేసినట్లు సాక్ష్యం లేదని అందులో పేర్కొన్నారు. అయితే వైద్యం, పరిశోధన కలగాపులగమైన సంగతి ఆ నివేదికలో చోటుచేసుకున్నది.

తామే కదలివెళ్ళిన రాంగెలాప్

1978లో ఉత్తర మార్షల్ దీవులలో రేడియోధార్మికతను విస్తృతంగా కొలిచారు. ఆ సంవత్సరమే, కొద్దికాలం క్రితం బికినీకి తిరిగివచ్చి స్థిరపడినవారిని మరల ఖాళీ చేయించవలసి వచ్చింది. వారి దేహాలలో సీసియం పెరిగిపోతున్నది. 1982లో అమెరికా ఇంధనశాఖ ఆ కొలతల ఫలితాలను ఇంగ్లీషులోనూ, మార్షల్ భాషలోనూ చిన్న పుస్తకంగా ప్రచురించింది. తమ వలయంలోని ఉత్తరపు దీవులు ఖాళీ చేసిన బికినీకి తీసిపోవని రాంగెలాప్ ప్రజలు దానినిబట్టి గ్రహించారు.

తమను తరలించమని ప్రభుత్వాలను అర్థించారు. ఫలితం కనబడకపోవడంతో వారి పార్లమెంటు సభ్యుడు జెటన్ అంజైన్ గ్రీన్‌పీస్ సంస్థను ఆశ్రయించారు. 1985 మేలో ఆ సంస్థవారి ‘రెయిన్‌బో వారియర్’ ఓడ పలుమార్లు తిరిగి సుమారు 320 మందిని క్వాజలీన్ వలయంలోని మెజాటో దీవికి చేర్చింది. ఇళ్ళు విప్పి, కలపా రేకులూ ఓడలో ఎక్కించుకున్నారు. పెద్దల సమాధులు మాత్రం అక్కడే మిగిలిపోయాయి. రెండు నెలలు తిరగకముందే, జులై 10న, ఆక్లండ్ రేవులో ఫ్రెంచి గూఢచారులు ఆ ఓడను పేల్చివేశారు.

మెజాటో కొత్త చోటు. కొబ్బరి, సీమపనస చాలవు. ఓడలో వచ్చే బియ్యం, గోధుమపిండి, పంచదార, డబ్బాల మాంసం ఆధారమయ్యాయి. అణుపరీక్షల మరొక ఫలితం ఇక్కడే దాగి ఉన్నది. తమ నేలలో పండినది తినకూడదన్నప్పుడు, పడవ వేసుకుని వేటకు పోవడానికి అలవాటైన మడుగు లేనప్పుడు, మనిషి దిగుమతి తిండికి బానిస అవుతాడు. నేడు మార్షల్ దీవుల పెద్దలలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి మధుమేహం ఉన్నది. ప్రపంచంలో అత్యధికంగా ఈ వ్యాధి ఉన్న దేశాలలో ఇది ఒకటి. దీనికంతకూ అణుధూళియే కారణమని ఎవరూ అనరు. యుద్ధానంతర కాలంలో పసిఫిక్ అంతటా తిండి అలవాట్లు మారినవి. కాని ఈ నాలుగు వలయాల ప్రజలకు ఆ మార్పు బలవంతాన వచ్చింది.

బాధితుడు ఎవరు?

ఇటువంటి దేశానికి ఆరోగ్య ప్రణాళిక రచించేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న వైద్యశాస్త్రానికి సంబంధించినది కాదు. పేర్ల పట్టికకు సంబంధించినది. ఎవరి పేరు వ్రాయాలి?

1954 మార్చి 1న రాంగెలాప్, ఐలింగినే, యూట్రిక్‌లలో ఉన్నవారికి అమెరికా ఇంధనశాఖ ప్రత్యేక వైద్యకార్యక్రమం నడుపుతున్నది. తల్లి గర్భంలో ఉన్నవారితో కలిపి వారు మొదట సుమారు 250 మంది. ఏటేటా ఆ సంఖ్య తగ్గిపోతున్నది. ఇది ఒక పట్టిక. 1986లో అమలులోకి వచ్చిన స్వేచ్ఛా సహవాస ఒప్పందంలోని 177వ విభాగం క్రింద బికినీ, ఎనెవెటాక్, రాంగెలాప్, యూట్రిక్ ప్రజలకు మరొక వైద్యకార్యక్రమం ఏర్పాటైంది. దానికి ఏడాదికి 20 లక్షల డాలర్లు కేటాయించారు. ఇందులో వారి సంతానం కూడా చేరింది. మనుషులు పెరిగారు, ధరలు పెరిగాయి, కేటాయింపు పెరగలేదు. ఇది రెండవ పట్టిక. ఆ ఒప్పందం ప్రకారమే ఏర్పడిన అణు పరిహార న్యాయస్థానం ఇంకొక మార్గం త్రొక్కింది. పరీక్షలు జరిగిన కాలంలో మార్షల్ దీవులలో ఎక్కడ నివసించినా, జాబితాలోని వ్యాధులలో ఏదైనా వస్తే, అది రేడియేషన్ వల్లనే వచ్చినట్లు భావించి పరిహారం ప్రకటించింది. ఇది మూడవ పట్టిక.

ఒక్కొక్క పట్టికలో ఒక్కొక్క న్యాయం ఉన్నది. ప్రక్క ప్రక్క ఇళ్ళలో ఉన్న ఇద్దరికి ఒకే జబ్బు వస్తే, ఒకరికి విమానం టిక్కెట్టు, మరొకరికి నిరీక్షణ. తరువాతి అధ్యయనాలు అణుధూళి హెచ్చుతగ్గులుగా అన్ని వలయాల మీదా పడినదని తేల్చాయి. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన అంచనా ప్రకారం, ఆ తరం దీవివాసులలో అణుధూళి కారణంగా అదనంగా వచ్చే కేన్సర్లు సుమారు 170. వారిలో ఇతర కారణాల వల్ల వచ్చే కేన్సర్లతో పోలిస్తే ఈ సంఖ్య చిన్నదే. కాని జనం అతి కొద్దిమంది ఉన్న ఉత్తర వలయాలలో ఆ భారం మిక్కుటం. పైగా, ఒక రోగి ఎదుట కూర్చున్నప్పుడు అతని కేన్సరు అణుధూళి వల్ల వచ్చినదా, వేరొక కారణం వల్ల వచ్చినదా అని ఏ పరీక్ష ద్వారానూ వేరుచేయడం సాధ్యం కాదు. కాబట్టి కారణం నిర్ణయించిన తరువాతనే వైద్యం అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. దీవులలో పనిచేసిన వైద్యులు, ముఖ్యంగా హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ నీల్ పాలఫాక్స్ వంటివారు, కొద్దిమందికి ప్రత్యేక చికిత్సకు బదులు దేశమంతటికీ పటిష్ఠమైన ప్రాథమిక వైద్యం, కేన్సర్ నిర్ధారణ ఉండాలని వాదిస్తూ వచ్చారు.

దూరమే పెద్ద రోగం

రెండవ సమస్య భూగోళం తెచ్చిపెట్టినది. దేశంలో ఆసుపత్రులు రెండే. ఒకటి మజురోలో, రెండవది క్వాజలీన్ వలయంలోని ఎబెయ్ దీవిలో. ఎబెయ్ విస్తీర్ణం సుమారు 80 ఎకరాలు. ఆ కాస్త నేలమీద వేలకొలది జనం కిక్కిరిసి ఉంటారు. నాలుగైదు కిలోమీటర్ల దూరంలో అమెరికా క్షిపణి పరీక్షా స్థావరం ఉన్నది. ఉదయం పడవలో అక్కడికి పనికి వెళ్ళి, సాయంత్రం తిరిగి వస్తారు. మిగిలిన వలయాలలో చిన్న ఆరోగ్యకేంద్రాలు ఉంటాయి. ప్రతి కేంద్రంలో ఒక ఆరోగ్య సహాయకుడు, మందుల బీరువా, రేడియో సెట్టు. జ్వరమైనా, కాన్పు కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా రేడియోలో మజురో వైద్యునికి చెప్పి సలహా తీసుకోవాలి. విమానం ఎప్పుడు వస్తుందో దాని చిత్తం. సరుకుల ఓడకు వారాలు పడుతుంది.

ఈ సహాయకుని చేతికి ఏమి ఇవ్వాలన్నదే ప్రణాళికలోని కీలకం. మెడను తడిమి గడ్డను గుర్తించడం, స్త్రీలకు రొమ్ము పరీక్ష నేర్పడం, గర్భాశయ ముఖద్వారం నుండి నమూనా తీసి పంపడం, చక్కెర, రక్తపోటు కొలవడం, క్షయరోగిని పసిగట్టడం. వీటిలో దేనికీ పెద్ద యంత్రాలు అవసరం లేదు. 2017లో ఎబెయ్‌లోనూ, 2018లో మజురోలోనూ ఇల్లిల్లూ వదలకుండా క్షయ పరీక్షలు జరిపినప్పుడు, దానితోపాటే మధుమేహాన్ని కూడా పరీక్షించారు. మనిషి ఒకసారి వచ్చినప్పుడు అతని దేహాన్నంతా చూడాలన్న పాఠాన్ని ఈ దీవులు ఆలస్యంగానైనా ఆచరణలో పెట్టాయి.

కేన్సర్ నిర్ధారణ అయిన తరువాత దారి దుర్గమం. రేడియేషన్ చికిత్స చేసే కేంద్రం మార్షల్ దీవులలో లేదు. రోగి 3,600 కిలోమీటర్లు దాటి హోనలూలూకు గాని, లేదా ఫిలిప్పీన్స్‌కు గాని పోవాలి. వ్యాధి ముదిరిన వారిని పంపడానికి నిధులు చాలవు. వ్యాధి ముదరకముందే పట్టుకోవడం దీవులలోని ఆ రేడియో సెట్టు దగ్గరనే మొదలవుతుంది.

చాలామంది దీవులు విడిచి అమెరికాకు వలస వెళ్ళారు. అర్కన్సా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ పట్టణంలో వేలాదిమంది మార్షల్ ప్రజలు కోళ్ళ కర్మాగారాలలో పనిచేస్తున్నారు. 1996 నాటి చట్టం వారిని పేదలకు లభించే ప్రభుత్వ వైద్యభీమా నుండి తొలగించింది. ఆ హక్కు తిరిగి లభించినది 2020 డిసెంబరులో. అంటే 24 ఏళ్ళ తరువాత.

కొలిచేవారు, నమ్మేవారు

నేడు మజురో, ఎనెవెటాక్, రాంగెలాప్‌లలో మనిషి దేహంలోని సీసియాన్ని కొలిచే పరికరాలు ఉన్నవి. కుర్చీలో కొంతసేపు కూర్చుంటే చాలు. వాటిని నడిపేవారు శిక్షణ పొందిన స్థానికులే. కొబ్బరితోటలకు పొటాషియం ఎరువు వేస్తే చెట్టు సీసియాన్ని అంతగా పీల్చుకోదని బికినీలో జరిపిన ప్రయోగాలు నిరూపించాయి. ఏ కాయ తినవచ్చునో, ఏది కూడదో చెప్పగల జ్ఞానం లభించింది. కాని చెప్పేవారి మీద నమ్మకం కలగడం వేరు. 1957లో భయం లేదన్నవారి మాట విని తిరిగివచ్చిన దీవిని 1985లో విడిచినవారికి, మరొకసారి భయం లేదంటే నమ్మకం కుదరడం సులభం కాదు. రాంగెలాప్‌లో కొత్త ఇళ్ళు కట్టారు. వాటిలో కాపురానికి తిరిగివచ్చినవారు కొద్దిమంది.

ఎనెవెటాక్‌లోని రూనిట్ దీవిలో 1958 నాటి పేలుడు గోతిని కలుషితమైన మట్టితో నింపి, దానిపై 115 మీటర్ల వెడల్పుగల కాంక్రీటు గుమ్మటం కప్పారు. ఆ పని 1980లో ముగిసింది. ఆ మట్టిలోని ప్లుటోనియం బలం సగం తగ్గడానికి 24 వేల ఏళ్ళు కావాలి. గుమ్మటం కూలిపోయే ప్రమాదం ప్రస్తుతానికి లేదని అమెరికా ఇంధనశాఖ 2020లో నివేదించింది. గుమ్మటం చుట్టూ ఉన్న సముద్రమట్టమో, ఏటేటా పెరుగుతున్నది.

నమ్మకాన్ని తిరిగి నిర్మించే పనికి పూనుకున్నవారిలో దార్లీన్ కేజూ ఒకరు. ఉత్తర వలయమైన వోట్జేలోనూ, ఎబెయ్‌లోనూ పెరిగిన ఆమె హవాయిలో ప్రజారోగ్యం చదువుకున్నారు. 1983లో వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ చర్చిల మండలి మహాసభలో తన ప్రజల బాధను ప్రపంచానికి వినిపించారు. ఆ తరువాత దేశానికి తిరిగివచ్చి ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. యువకులను కూడగట్టి, పాటలతో, నాటికలతో, సంగీతంతో దీవి దీవికి ఆరోగ్య విషయాలు చేరవేసే సంస్థను స్థాపించారు. పోషకాహారం, కుటుంబ నియంత్రణ, స్థానిక పంటలు వారి ప్రచారాంశాలు. బయటివారు వచ్చి కొలిచి వెళ్ళే ఆరోగ్యం స్థానంలో తమ పిల్లలే తమ భాషలో చెప్పే ఆరోగ్యం వచ్చింది. ఆమె 1996లో రొమ్ము కేన్సరుతో కన్నుమూశారు. ఆమె స్థాపించిన సంస్థ ఆమె తరువాత కూడా పని సాగించింది.

బాకీ

పరిహార న్యాయస్థానం 2001లో బికినీ ప్రజలకు 56 కోట్ల డాలర్లకు పైగా, 2007లో రాంగెలాప్ ప్రజలకు 100 కోట్ల డాలర్లకు పైగా రావలసి ఉన్నదని తీర్పు చెప్పింది. దాని చేతిలో ఉంచిన మూలనిధి 15 కోట్లు. తీర్పులు మిగిలాయి, నిధి మిగలలేదు. 2014లో ఈ చిన్న దేశం అణ్వాయుధాలు గల తొమ్మిది దేశాల మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేసింది. వాటిలో భారతదేశం కూడా ఉన్నది. నిరాయుధీకరణ చర్చల బాధ్యతను నెరవేర్చలేదన్నది ఆరోపణ. తనకు విచారణాధికారం లేదని 2016 అక్టోబరులో న్యాయస్థానం ఆ వ్యాజ్యాలను త్రోసిపుచ్చింది. 1954లో తమకోసం గొంతెత్తిన దేశమే అరవై ఏళ్ళకు ప్రతివాదుల వరుసలో నిలబడడం దీవుల ప్రజలు గమనించకపోలేదు.

2017లో మార్షల్ దీవుల ప్రభుత్వం జాతీయ అణు సంఘాన్ని నియమించింది. పరిహారం, వైద్యం, పర్యావరణం, దేశీయ సామర్థ్యం, విద్య అనే అయిదు అంశాలపై అది తన కార్యక్రమాన్ని రూపొందించుకున్నది. 2022 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి ఈ విషయంలో ఆ దేశానికి సాంకేతిక సహాయం అందించాలని తీర్మానించింది. అమెరికాతో కుదిరిన ఒప్పందం 2024లో మరి 20 ఏళ్ళకు పొడిగింపబడింది. అందులో 70 కోట్ల డాలర్ల నిధి ఒకటి ఏర్పాటైంది. అణుపరీక్షలవల్ల నష్టపోయిన దీవుల అవసరాలకు కూడా దానిని వినియోగించవచ్చు. ఆ డబ్బును ఇళ్ళకా, బడులకా, ఆసుపత్రులకా, ఎంత మేరకు పంచాలన్నది దీవుల ప్రజలే తేల్చుకోవలసిన విషయం.

ప్రతి ఏడు మార్చి 1న మజురోలో ఆఫీసులు మూసివేస్తారు. బడిపిల్లలు, నాలుగు వలయాల పెద్దలు కలిసి ఆ ఒకే రోడ్డు మీద ఊరేగింపుగా నడుస్తారు. ఆనాటి బూడిదతో ఆడుకున్న పిల్లలలో బ్రతికి ఉన్నవారు నేడు డెబ్బై దాటిన వృద్ధులు. సీసియం బలం సగానికి తగ్గడానికి 30 ఏళ్ళు పడుతుంది. 1954లో రాలినదానిలో 1984 నాటికి సగం, 2014 నాటికి నాలుగవ వంతు మిగిలింది. 2044కు గాని ఎనిమిదవ వంతుకు దిగదు. నేడు ఆ ఊరేగింపులో నడిచే బడిపిల్లలు అప్పటికి తల్లిదండ్రులవుతారు. వారి బిడ్డల మెడలు తడిమి చూడవలసిన ఆరోగ్య సహాయకులకు, మజురోలోని కళాశాలలో చదువుకుంటున్న నర్సులకు, ప్రణాళిక అంటే ఆ లెక్కయే.